నాలుగు తరాలు ఒకే ఇంట్లో: మండువా, అరుగు, అటాచ్డ్ బాత్రూమ్ అన్నీ కుదిరేలా ఇల్లు ఎలా ప్లాన్ చేస్కోవాలి

మేము తణుకు దగ్గర పాత పెంకుటిల్లు తీసేసి అదే జాగాలో కొత్త ఇల్లు కట్టుకున్నాం. ఐదున్నర సెంట్లు, 40 బై 60, తూర్పు ఫేసింగ్, కింద పైన రెండు ఫ్లోర్లు. ఉండేది మామ్మగారు అంటే మా ఆయన వాళ్ళ నాయనమ్మ, 84 ఏళ్ళు, తర్వాత అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, బాబు, పాప, రెండేళ్ళకోసారి అమెరికా నుంచి దిగే మా మరిది ఫ్యామిలీ. ఇంత మందికి ఇల్లు అనగానే అందరూ ముందు ఎలివేషన్ ఫోటోలు పంపుతారు, ఎన్ని బెడ్రూములు అని అడుగుతారు. మేమూ మొదట్లో అలాగే మొదలుపెట్టాం, ఆరు నెలలు ప్లాన్లు మారుస్తూనే ఉన్నాం, ఒక్కటీ తెగలేదు. మామ్మగారి రోజు ఎలా గడుస్తుందో చూసి అక్కణ్ణుంచి గీయడం మొదలుపెట్టాకే ప్లాన్ కుదిరింది. అందుకే మీకూ అదే వరసలో చెప్తాను.

స్టెప్ 1: ప్లాన్ గీయించే ముందు ఒక వారం ఇంట్లో వాళ్ళని చూడండి

ఒక నోట్‌బుక్ తీసుకుని ఎవరు ఎన్నింటికి లేస్తారు, ఎక్కడ కూర్చుంటారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఎవరికి టీవీ సౌండ్ కావాలి ఎవరికి వద్దు, ఇవన్నీ రాసుకోండి. ఇదేదో పెద్ద పని అనుకోకండి, రోజుకి పది నిమిషాలు చాలు.

మా పాత ఇంట్లో నేనొక రాత్రి మామ్మగారి గదిలోనే పడుకున్నాను. రెండున్నరకి లేచారు. మంచం పట్టె పట్టుకుని నిలబడ్డారు, గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చారు, అక్కడ స్విచ్ ఆవిడ భుజం కంటే ఎత్తులో ఉంది కాబట్టి వెయ్యలేదు, చీకట్లోనే వసారా దాటి పెరట్లో బాత్రూమ్ వైపు వెళ్ళారు. లెక్కపెట్టాను, 31 అడుగులు, మధ్యలో రెండు గడపలు, ఒక మెట్టు. అంతకు ముందు సంక్రాంతికి ఆవిడ జారిపడింది ఆ మెట్టు దగ్గరే. లైట్ వెయ్యొచ్చు కదా మామ్మగారూ అంటే "మీ అందరికీ నిద్ర చెడుతుందని అమ్మాయ్" అన్నారు. ఆ రాత్రే అనుకున్నాను, కొత్తింట్లో ముందు గీయాల్సింది ఈ దారి, ఇది కుదిరాకే హాలు ఎంత, పోర్టికో ఎలా అన్న మాట.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పుడు బాగానే తిరుగుతూ ఉండొచ్చు. ఇల్లు కట్టేది ముప్ఫై నలభై ఏళ్ళకి కదా, ఇవాళ అరవైలో ఉన్న అత్తయ్య మామయ్యలే రేపు ఎనభైలోకి వస్తారు, ఆ తర్వాత మనం. కాబట్టి మామ్మగారికని చేసింది ఏదీ వేస్ట్ అవ్వదు.

స్టెప్ 2: వాస్తు చూపించేది ఒకరికే, అదీ ప్లాన్ గీయక ముందే

మన ఇళ్ళల్లో వాస్తు లేకుండా పని జరగదు, జరగాలని నేనూ అనుకోను, పెద్దవాళ్ళకి ఆ ఇంట్లో మనసు నిమ్మళంగా ఉండాలి. అయితే ఒకే సిద్ధాంతి గారిని పెట్టుకోండి, ప్లాన్ అయిపోయాక చూపిస్తే గోడలు కొట్టించాల్సి వస్తుంది, ఇద్దరికి చూపిస్తే రెండు రకాలుగా చెప్తారు. సిద్ధాంతి గారిని, ఇంజనీర్ ని ఒకే రోజు ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

తూర్పు ఫేసింగ్ లో ఈశాన్యం, ఆగ్నేయం రెండూ ముందు వైపే వస్తాయి. అందుకని మాకు పూజ గది ముందు, వంటిల్లు కూడా ముందే వచ్చాయి. మొదట్లో వంటిల్లు వీధి వైపా అని నాకు నచ్చలేదు, ఇప్పుడు పోపు వేస్తూ గేటు దగ్గర ఎవరొచ్చారో చూస్తున్నాను, స్కూల్ బస్ కిటికీలోంచే కనబడుతుంది. నైరుతి గది ఇంటి పెద్దకి అంటారు కాబట్టి అత్తయ్య మామయ్యలకి ఇచ్చాం. నైరుతికి మధ్యాహ్నం ఎండ గట్టిగా కొడుతుంది, అందుకని ఆ పడమటి గోడ 9 అంగుళాలు కట్టించి లోపల వైపు గోడంతా బీరువాలు పెట్టాం, వేడి తిన్నగా గదిలోకి రాదు. నడిమధ్య బ్రహ్మస్థానం ఖాళీగా వదలమంటారు కదా, పైకప్పు లేకుండా వదిలే మండువా అక్కడే వచ్చింది. ఇలా చాలా చోట్ల వాస్తు, గాలీ వెలుతురూ ఒకదానికొకటి అడ్డం రావు, కాస్త ఓపిగ్గా కూర్చోబెట్టుకోవాలి అంతే.

స్టెప్ 3: ముగ్గు పోసి నడవండి

ఈ ఒక్క పనీ తప్పకుండా చెయ్యండి. ప్లాన్ కాగితం మీద 10 బై 12 అంటే ఎవరికీ తెలీదు. స్థలం చదును చేశాక టేపు పట్టుకుని గోడలన్నీ ముగ్గుపిండితో గీయించండి, గుమ్మాలున్న చోట ఖాళీ వదలండి. తర్వాత ఇంట్లో అందర్నీ తీసుకెళ్ళి అందులో నడిపించండి, ఒక మడత మంచం తీసుకెళ్ళి వెయ్యండి, కుర్చీలు వెయ్యండి.

మేము వేసినప్పుడు తేలిన తప్పులు చెప్తాను. మామ్మగారి గదిలో మంచం వేస్తే బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరుచుకోవట్లేదు. డైనింగ్ టేబుల్ చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటే వెనక నుంచి గిన్నె పట్టుకుని నడిచే జాగా లేదు. మామయ్య కుర్చీ వేసుక్కూర్చుని "ఇక్కణ్ణుంచి వీధి కనబడదేంటి" అన్నారు, హాలు కిటికీ రెండడుగులు జరిపాం. ఒక బస్తా ముగ్గుపిండితో అయిపోయిన పని, గోడ లేచాక అయితే ఎంత ఖర్చో, ఎన్ని మాటలో.

స్టెప్ 4: పెద్దవాళ్ళ గది, బాత్రూమ్ కొలతలు

గది కిందే ఉండాలి, హాలుకి దగ్గరగా ఉండాలి, అదే సమయంలో టీవీ గోడకి ఆనుకుని ఉండకూడదు. చాలామంది పెద్దవాళ్ళకి డిస్టర్బ్ ఉండదని వెనకాల చివరి గది ఇస్తారు, అది వాళ్ళని ఇంట్లోంచి తీసి పక్కన పెట్టినట్టే అవుతుంది. మామ్మగారి గది గుమ్మం మండువాలోకి తెరుచుకుంటుంది, మంచం మీద నుంచే పిల్లలు వచ్చేదీ పోయేదీ కనబడుతుంది.

గుమ్మాలు అన్నీ తలుపు తెరిచాక 3 అడుగులు క్లియర్ గా ఉండేలా పెట్టించండి, బాత్రూమ్ తో సహా. మేస్త్రీలు బాత్రూమ్ అనగానే రెండున్నర అడుగుల గుమ్మం పెట్టేస్తారు, మాకు అలాగే పెట్టేస్తే నిలబెట్టిన ద్వారబంధం పీకించి మళ్ళీ పెట్టించాం. వీల్ చైర్ ఎప్పుడైనా అవసరం పడితే రెండున్నర అడుగుల గుమ్మంలోంచి చెయ్యి నలగకుండా వెళ్ళదు.

బాత్రూమ్ 6 బై 8 కంటే తగ్గొద్దు, జాగా ఉంటే ఇంకా పెంచండి, లోపల వీల్ చైర్ తిరగాలంటే 5 అడుగుల వెడల్పున గుండ్రటి ఖాళీ కావాలి. కమోడ్ సీటు నేల నుంచి 18 అంగుళాలు ఉంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తేలిగ్గా లేస్తారు. కమోడ్ పక్కన, స్నానం దగ్గర పట్టుకోడానికి స్టీలు కమ్మీలు పెట్టించండి, అయితే టైల్స్ అయిపోయాక చిన్న స్క్రూలతో బిగిస్తే మనిషి బరువుకి ఊడొస్తాయి, గోడ కట్టేటప్పుడే ఆ చోటు మార్క్ చేసి గట్టి ఇటుక గోడలోకి బోల్టు దిగేలా చూస్కోండి. తలుపు బయటకి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు మనిషికే అడ్డం పడి తెరవలేం. గడియ బయట నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. కమోడ్ పక్కన కింద నుంచి అందేంత ఎత్తులో ఒక కాలింగ్ బెల్ స్విచ్, అది మోగేది పైన మా గదిలో. టైల్స్ కొనేటప్పుడు షాపులో ఒక టైలు కింద పెట్టి నీళ్ళు పోసి తడికాలితో నిలబడి చూడండి, వాళ్ళేమీ అనుకోరు.

స్టెప్ 5: మండువా, ఇష్టంగా కట్టుకోండి కానీ నీళ్ళ లెక్క తెలుసుకుని

మా గోదావరి వైపు చాలా పాత ఇళ్ళు మండువా లోగిళ్ళే, నాలుగు వైపులా పెంకు కప్పు లోపలికి వాలి, వాన నీళ్ళు నడిమధ్య పడి తూము గుండా బయటికి పోయేవి. వేడిగాలి పైకి లేచి ఆ ఖాళీలోంచి పోతుంది, దాని జాగాలోకి వీధి వైపు నుంచి, పెరటి వైపు నుంచి చల్లగాలి లాక్కుంటుంది, అందుకే ఆ ఇళ్ళల్లో మే నెలలో కూడా మధ్యాహ్నం పడుకోగలిగేవాళ్ళు. అందరూ ఎవరి గుమ్మంలో వాళ్ళు ఉన్నా ఒకళ్ళకొకళ్ళు కనబడతారు. నాకు కావాల్సింది అదే. ఒకే హాల్లో అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కూర్చోనక్కర్లేదు, అలా అని తలుపులేసుకుని ఎవరికి వాళ్ళు అయిపోనూ అక్కర్లేదు.

మేము 10 బై 10 పెట్టాం. పై స్లాబులో కూడా అంతే ఖాళీ వదిలాం, పైన ఇనప గ్రిల్, దాని కింద జరుపుకునే దోమల మెష్. కోతులున్న ఊరైతే గ్రిల్ గళ్ళు దగ్గరగా వేయించండి. చుట్టూ పాత ఇంటి స్తంభాలు నాలుగు నిలబెట్టాం, వాటి గురించి తర్వాత చెప్తాను.

ఇప్పుడు నీళ్ళ లెక్క. 10 బై 10 ఖాళీలో గంటకి 5 సెంటీమీటర్ల వాన పడితే 460 లీటర్ల పైనే నీళ్ళు దిగుతాయి, చుట్టూ కప్పు కూడా లోపలికే వాలుంటే ఇంకా చాలా ఎక్కువ. అందుకని రెండు వేరు వేరు మూలల్లో రెండు 4 అంగుళాల పైపులు వేయించండి, ఒకటి ఆకులు పడి మూసుకున్నా రెండోది లాగుతుంది. రెండూ కలిపి ఒకే పైపుగా నేల కింద తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి. పైపు మీద ఎత్తి తీసే జాలీ ఉండాలి. మండువా నేల చుట్టూ వసారా కంటే 4 అంగుళాలు పల్లం చేస్తారు, ఆ అంచు పెద్దవాళ్ళకి, చిన్నపిల్లలకి ప్రమాదం, కాబట్టి అంచు పొడుగునా వేరే రంగు రాయి వేయించండి. మేము నేలకి లేత రంగు నాపరాయి, అంచుకి నల్ల కడప రాయి వేశాం, చూపు తక్కువున్న మామ్మగారికి కూడా గీత తెలుస్తుంది.

స్థలం రెండు మూడు సెంట్లే ఉంటే మండువా జోలికి వెళ్ళకండి, గదులు ఇరుకైపోతాయి. దాని బదులు మెట్ల మీద స్లాబుకి పైన గాలి పోయే కిటికీలు పెట్టి వెలుతురు తెచ్చుకోండి, సగం లాభం వస్తుంది.

స్టెప్ 6: అరుగు, గడప, ర్యాంపు

అరుగు 18 అంగుళాల ఎత్తులో కట్టించండి, అంతకంటే పల్లమైతే కూర్చున్నాక లేవడం కష్టం. పైన పెంకు వాలు, ఒక ఫ్యాన్, ఒక ప్లగ్. సాయంత్రం మామ్మగారు, ఎదురింటి పిన్నిగారు అక్కడే, పిల్లలు అక్కడే హోంవర్క్.

గడప దగ్గర మాకు పెద్ద చర్చే జరిగింది. ఇంజనీర్ అన్ని గుమ్మాలకీ నేల సమానంగా ఉండాలన్నాడు. మామ్మగారు "గడప లేని ఇల్లు ఇల్లేనా, పసుపు ఎక్కడ రాస్తాను, లక్ష్మీదేవి దేన్ని చూసి లోపలికొస్తుంది" అన్నారు. ఆవిడ బాధ నిజమే. చివరికి సింహద్వారానికి ఒక్కదానికే టేకు గడప పెట్టాం, ఎత్తు అంగుళంన్నర, రెండు పక్కలా రాయిని సన్నగా వాలుగా చెక్కించాం, కాలు తగలదు, చక్రం ఎక్కుతుంది, ప్రతి శుక్రవారం పసుపు కుంకుమ పడుతుంది. మిగతా గుమ్మాలన్నిటికీ నేల చదునే.

ఇక ఇంటి ఎత్తు. మాది నల్లరేగడి, వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, పైగా రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది, అందుకని అందరూ మూడడుగులు, నాలుగడుగులు బేస్‌మెంట్ లేపమంటారు. కానీ వీల్ చైర్ సులువుగా ఎక్కే ర్యాంపుకి అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి. మూడడుగులు లేపితే 36 అడుగుల ర్యాంపు! ఈ లెక్క ఎవరూ ముందు చెప్పరు, ఇల్లయ్యాక గేటు దగ్గర నిటారుగా ఒక జారుడుబల్ల కట్టి ర్యాంపు అంటారు. మేము రెండడుగులకి ఆపాం, ఉత్తరం పక్క ఖాళీ పొడుగునా 24 అడుగులు, మధ్యలో ఒక చదును, ఒక పక్క పట్టుకోడానికి కమ్మీ. మీ పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ పక్క ఖాళీలో ర్యాంపుకి ఒప్పుకుంటారో లేదో ప్లాన్ అప్రూవల్ కి ఇచ్చేటప్పుడే అడిగేయండి.

స్టెప్ 7: వంటిల్లు ఇద్దరిది

అత్తయ్య పొట్టి, నేను పొడుగు. ఒకే గట్టు ఎత్తు పెడితే ఒకళ్ళకి భుజాలు, ఒకళ్ళకి నడుము. స్టవ్ గట్టు 33 అంగుళాలు పెట్టి, ఒక పక్కన 30 అంగుళాల ఎత్తులో కింద ఖాళీగా ఉండే బల్ల కట్టించాం, కుర్చీ లోపలికి తోసుకుని కూర్చుని కూరలు తరుక్కోవచ్చు. మామ్మగారు ఇప్పటికీ చిక్కుడుకాయలు ఈనెలు తీసేది అక్కడే, వంటింట్లో ఆవిడకో చోటుంది అన్నమాట.

మాడ్యులర్ కిచెన్ వాళ్ళొచ్చి అన్నీ డ్రాయర్లే చూపిస్తారు. వాళ్ళకి మన జాడీల సంగతి తెలీదు. ఆవకాయ, మాగాయ జాడీలు బరువు, వాటికి నడుం ఎత్తులో, సింకుకి దూరంగా, తడి తగలని రాతి అలమర ఒకటి గోడలోనే కట్టించుకోండి. ఎండాకాలం కాయలు కొట్టడానికి, కారం కలపడానికి మండువా ఉంది. వడియాలకి డాబా మీద ఒక మూల రెండడుగుల ఎత్తు దిమ్మ కట్టిస్తే వంగక్కర్లేదు.

వంటింటి పక్కన యుటిలిటీలో ఇంకో స్టవ్ పాయింటు, పెద్ద సింకు పెట్టుకోండి. చేపలు కడిగేది అక్కడే, నీచు వంట అక్కడే, ఇంట్లో ఎవరైనా కార్తీకమాసంలో తినకపోతే వాళ్ళకి ఇబ్బంది లేదు. రోలు కూడా అక్కడే. సిలిండర్ బయట గాలాడే చోట పెట్టించి గోడలోంచి పైపు తెచ్చుకోండి. గుండిగలు, పెద్ద గంగాళాలకి అటక కావాలి, కానీ అది నడవ మీద వేయించండి, మంచం మీద వద్దు.

స్టెప్ 8: పై ఫ్లోరు, మెట్లు, లిఫ్టు జాగా

పైన మా గది, పిల్లల గది, మరిది వాళ్ళొస్తే ఉండే గది. పైన ఒక చిన్న గట్టు, సింకు, ఫ్రిజ్ పాయింటు పెడదాం అని నేనన్నప్పుడు అత్తయ్య మొహం చిన్నబోయింది, వేరు కాపురం పెడతావా అన్నట్టు చూశారు. అప్పుడే కూర్చోబెట్టి చెప్పాను, మా ఆయనకి రాత్రి షిఫ్టు, ఒంటిగంటకి టీ పెట్టుకోవాలంటే కిందకొచ్చి గిన్నెలు చప్పుడు చేస్తే మీరే లేస్తారు కదత్తయ్యా అని. ఇలాంటివి ప్లాన్ కాగితంలో చూసి వాళ్ళంతట వాళ్ళు తెలుసుకునే లోపు మనమే నోటితో చెప్పాలి. వంట కిందే, భోజనం కిందే, ఆ గట్టు కాఫీ టీలకి. అయినా డ్రైనేజీ పైపు, నీళ్ళ పైపు పెద్దదే వేయించాం, రేపు అవసరం పడి అది వంటిల్లు కావాలన్నా గోడ కొట్టక్కర్లేదు.

మెట్లు ఇంటి లోపలే, కానీ మొదటి మెట్టు దగ్గర నుంచి అరుగు మీదకి ఒక తలుపు పెట్టాం. రాత్రి లేటుగా వచ్చినవాళ్ళు హాలు దాటకుండా పైకి పోవచ్చు. మెట్టు ఎత్తు 6 అంగుళాలు, పాదం పట్టే వెడల్పు 11 నుంచి 12, రెండు పక్కలా కమ్మీ, అన్ని మెట్లూ ఒకే ఎత్తు. ఆఖరి మెట్టు అంగుళం తేడా వస్తే అక్కడే తడబడతారు, కాబట్టి ఫ్లోరింగ్ రాయి మందం కూడా ముందే లెక్కేసుకుని మేస్త్రీకి చెప్పండి.

లిఫ్టు ఇప్పుడు పెట్టే స్తోమత లేకపోయినా జాగా వదలండి. 5 బై 5 అడుగులు కింద పైన ఒకదాని మీద ఒకటి వచ్చేలా, చుట్టూ బీములు వేయించి, స్లాబులో ఖాళీ వదిలి, ప్రస్తుతానికి పైన చెక్క పరిచి స్టోర్ రూముగా వాడుకోండి. తర్వాత స్లాబు కోయడం వేరు, ముందే వదిలిన ఖాళీలో లిఫ్టు దింపడం వేరు.

స్టెప్ 9: కరెంటు, నెట్, సోలార్

స్విచ్చులు మూడున్నర అడుగుల ఎత్తులో పెట్టిస్తే పిల్లలకీ పెద్దలకీ అందుతాయి. మంచం దగ్గరొకటి గుమ్మం దగ్గరొకటి టూ వే స్విచ్చులు. మంచం నుంచి బాత్రూమ్ దాకా గోడకి అడుగు ఎత్తులో చిన్న రాత్రి లైట్లు, అవి రాత్రంతా వెలిగినా ఎవరి నిద్రా చెడదు. ఇన్వర్టర్ లైన్ లో పెద్దవాళ్ళ గది ఫ్యాను, బాత్రూమ్ లైటు, మెట్ల లైటు, రౌటర్ తప్పకుండా ఉండాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, పెట్టమని పట్టుబట్టండి, ఎలక్ట్రీషియన్ అనవసరం అన్నా సరే, గీజరు షాక్ కొడితే ప్రాణం కాపాడేది అదే, ఎర్తింగ్ కూడా గట్టిగా ఉండాలి.

తొమ్మిదంగుళాల గోడల్లోంచి వైఫై సరిగ్గా రాదు. స్లాబు వేసేటప్పుడే ప్రతి ఫ్లోరుకీ ఇంటర్నెట్ కేబుల్ కి విడిగా పైపు వేయించండి. ప్లాస్టరింగ్ కి ముందు రోజు ప్రతి గోడనీ టేపు పెట్టి ఫోటో తీసుకోండి, తర్వాత మేకు కొట్టేటప్పుడు పైపు ఎక్కడుందో తెలుస్తుంది.

సోలార్ కి 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. 3 కిలోవాట్లకి డాబా మీద నీడ పడని 300 చదరపు అడుగులు కావాలి, ఎండ బాగా ఉన్న నెలలో 300 యూనిట్ల పైనే వస్తుంది. వాటర్ ట్యాంకు దక్షిణం వైపు ఎత్తుగా కట్టేస్తే ప్యానెళ్ళ మీద నీడ పడుతుంది, కాబట్టి ట్యాంకు, ప్యానెళ్ళు రెండూ కలిపే ప్లాన్ చెయ్యండి.

స్టెప్ 10: పాత ఇంటి చెక్క పారేయకండి

మా పాత ఇంట్లో బర్మా టేకు దూలాలు, స్తంభాలు, చెక్కుడు ద్వారబంధాలు ఉన్నాయి. ఇల్లు పడగొట్టేవాళ్ళు లంప్‌సమ్ గా మొత్తం తీసుకుపోతామని బేరం పెడతారు, అందులో కలిపేసి ఇచ్చేయకండి, ముందే చెక్క విడిగా తీయించి కప్పు కింద నేల తగలకుండా పేర్చండి. వడ్రంగి చేత ప్రతి చెక్కా కొట్టి చూపించండి, గుల్ల శబ్దం వచ్చినవి, చెదలు తగిలినవి వేరు చేస్తాడు. స్తంభాలు కొత్తింట్లో కప్పు బరువు మొయ్యక్కర్లేదు, లోపల బీములే మోస్తాయి, ఇవి అందానికీ ఆనుకోడానికీ. కింద రాతి దిమ్మ పెట్టి నిలబెడితే తడి తగలదు.

పాత ద్వారబంధాలు పొట్టివి, మా ఆయన తల తగిలేంత. పాత వీధి గుమ్మం ద్వారబంధం కొత్త సింహద్వారానికి పనికిరాదు కాబట్టి పూజ గదికి పెట్టాం, తల వంచే కదా లోపలికి వెళ్ళేది. మామ్మగారు పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టింది ఆ గుమ్మంలోంచే. పెట్టిన రోజు ఆవిడ దాని మీద చెయ్యేసి, పైన ఎప్పుడో రంగు కింద కప్పడిపోయిన చిలకల చెక్కుడుని గోటితో గీకి చూపించారు, మర్నాడు వడ్రంగి చేత ఆ రంగంతా తీయించాం.

స్టెప్ 11: కట్టేటప్పుడు పట్టుకోవాల్సినవి

నల్లరేగడి నేల తడికి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది, పక్కింటివాళ్ళ పునాది చూసి మనమూ అంతే అనుకోకుండా మట్టి పరీక్ష చేయించి స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పిన పునాదే వేయించండి. చెదల మందు పునాది దశలోనే కొట్టించండి.

క్యూరింగ్ దగ్గర, అంటే కాంక్రీటుని తడిగా ఉంచే దగ్గర, మొహమాటం వద్దు. మామూలు సిమెంటుకి తక్కువలో తక్కువ 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకి 10 రోజులు, ఎండలు మండుతుంటే ఇంకో మూడు నాలుగు రోజులు కలపండి. మా మామయ్య స్లాబు మీద మడులు కట్టించి రోజూ పొద్దున్నే వెళ్ళి నీళ్ళున్నాయో లేదో చూసేవారు. స్లాబు కింద ఊతకర్రలు, గోడకీ గోడకీ మధ్య స్లాబు నాలుగున్నర మీటర్ల లోపు అయితే 7 రోజులు, దాటితే 14 రోజుల ముందు తీయనివ్వకండి, బీముల కింద ఇంకా ఎక్కువ రోజులు, ఇంజనీర్ చెప్పాకే.

మేస్త్రీతో అగ్రిమెంటు కాగితం మీద రాసుకోండి, చదరపు అడుగు రేటులో ఏమేం కలిసున్నాయి, సెంట్రింగ్ (స్లాబు పోయడానికి కింద కొట్టే పలకలు, ఊతలు) ఎవరిది, పిట్టగోడ, సంపు, మెట్లు లెక్కలో ఉన్నాయా లేదా. మేము మొదటిసారి నోటిమాట మీద వెళ్ళాం, స్లాబు ముందు రోజు పిట్టగోడ వేరు, మెట్లు వేరు అని పని ఆపేశారు. తర్వాత ప్రతి దశకీ ఇంత అని రాసుకుని, పని అయ్యాకే డబ్బిచ్చాం. అనుకున్న బడ్జెట్ మీద పదిహేను శాతం పక్కన పెట్టుకోండి.

ఇంకో మాట, ఇది చాలామంది వాయిదా వేస్తారు. స్థలం ఎవరి పేరు మీద ఉంది, లోను ఎవరు కడతారు, పరదేశంలో ఉన్న తమ్ముడి వాటా ఏంటి, ఇవన్నీ శంకుస్థాపనకి ముందే అందరూ కూర్చుని మాట్లాడుకుని రాసుకోండి. మా మరిది వీడియో కాల్ లో ఉండగానే మామయ్య అంతా చదివి వినిపించారు. ఆ రోజు కాస్త ఇబ్బందిగానే ఉంది, తర్వాత ఒక్క మాట రాలేదు.

స్టెప్ 12: గృహప్రవేశానికి ముందు ఒక రాత్రి

పనివాళ్ళు ఇంకా ఊళ్ళో ఉండగానే, పెయింట్ అయిపోయాక, ఒక రాత్రి అందరూ కొత్తింట్లో చాపలేసుకుని పడుకోండి. పెద్దవాళ్ళకి మాత్రం మంచం వెయ్యండి, అది ఎక్కడ వేస్తారో అక్కడే. అన్ని లైట్లూ ఆర్పేసి తిరిగి చూడండి, అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి, మండువాలో ట్యూబుతో అరగంట నీళ్ళు వదిలి రెండు పైపులూ లాగుతున్నాయో లేదో చూడండి.

మామ్మగారు ఆ రాత్రి కూడా రెండున్నరకే లేచారు. మంచం నుంచి బాత్రూమ్ కి ఏడడుగులు, గడప లేదు, మెట్టు లేదు, కింద లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అయితే మేము చూస్కోనివి రెండు దొరికాయి. బాత్రూమ్ లో మొదటి స్టీలు కమ్మీ ఆవిడ కుడి చేతికి వచ్చేలా పెట్టాం, ఆవిడ జారిపడినప్పుడు దెబ్బ తగిలింది ఆ చేతికే, పట్టేది ఎడం చేత్తో. ఫ్యాను రెగ్యులేటర్ మంచం మీద నుంచి అందట్లేదు. పొద్దున్నే ప్లంబర్ ని, ఎలక్ట్రీషియన్ ని పిలిచి సాయంత్రానికల్లా రెండూ మార్పించాం.